గడ్డం ఎదకు ఆనని ఊరు

1961 ఎండాకాలం. నల్లగొండలో బస్టాండు వెనక వీధిలో, ఒక బట్టల దుకాణం మేడ మీద కిరాయి గదిలో నా దవాఖాన ఉండేది. దవాఖాన అనేది పెద్ద మాట. ఒక కుర్చీ, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు, పళ్లు పీకే పట్టకార్లు, అంటే ఫోర్సెప్స్, ఒక పెట్టెడు. అంతే ఆస్తి. ఆ రోజుల్లో పళ్ల డాక్టరు దగ్గరికి ఎవరూ తొందరపడి వచ్చేవాళ్లు కాదు. లవంగం నమిలి, జిల్లేడు పాలు పెట్టి, మంత్రం వేయించుకుని, ఏదీ పనిచేయక దవడ బూరెలా పొంగాక మెట్లెక్కేవాళ్లు. అప్పుడిక నేను చేయగలిగింది పీకడమే. పై రాష్ట్రానికి పోయి చదివిన చదువంతా చివరికి పీకుడు పనికే వచ్చిందని మా ఆవిడ ఎగతాళి చేసేది.

అందుకే నొప్పి లేకుండా వచ్చే రోగి అంటే నాకు అనుమానం. బీరయ్య అలాగే వచ్చాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. ఉతికిన అంగీ, భుజం మీద తువ్వాల. ఆ తువ్వాల కొస నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నొప్పి ఏ పక్క?" అని అడిగాను.

"నొప్పి లేదు సారు. గార గీకాలె."

"పెండ్లా?"

"కాదు సారు. పట్నంల పరీక్ష, ఇంటర్వ్యూ ఉన్నయి. పండ్ల డాక్టరు చదువుకు."

నాకు నవ్వు ఆగలేదు. అతను ఏమీ అనుకోలేదు. "గందుకే గీకుమంటున్న. పండ్ల డాక్టరయితనన్నోని నోట్లె గిసొంటి పండ్లుంటె ఎవలు తీసుకుంటరు?" అని తువ్వాల తీసి నోరు తెరిచాడు.

పై పళ్లకు అడ్డంగా ముదురు గోధుమ రంగు పట్టీలు, అక్కడక్కడ సూదితో పొడిచినట్టు గుంటలు. ఆ జిల్లాలో నాకు కొత్తేమీ కాదు. కొన్ని ఊళ్ల నుంచి వచ్చే ప్రతి నోరూ అలాగే ఉండేది. అయినా ఎందుకో ఆ రోజు కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. గార అంటే పంటి మీద పేరుకునే మడ్డి. దాన్ని గీకే పనిని మేము స్కేలింగ్ అంటాం. అతనిది గార కాదు. పంటి మీద గాజులాంటి గట్టి పొర ఉంటుంది, దాని పేరు ఎనామెల్. చిన్నతనంలో ఆ పొర తయారయ్యేటప్పుడు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ అనే ఖనిజం ఎక్కువైతే ఆ పొరే పాడవుతుంది. గోడ మీద మరకయితే కడగవచ్చు, ఇటుకే అట్లా కాలితే ఏం కడుగుతాం?

బీరయ్య నా చేతి అద్దం అందుకుని పళ్లు చూసుకున్నాడు. తరవాత అన్నాడు, "అయితె తోముకోకనో, మా అవ్వ తోమకనో వచ్చింది కాదు గదా సారు. మా పంతులు రోజు కొట్టెటోడు. పండ్లు తోమకుండ బడికొచ్చిన్రని లైను మొత్తాన్ని కొట్టెటోడు."

తల్లి మీది నింద తుడిచిన ఆ మాటతోనే అతని మీద నాకు అభిమానం పుట్టింది.

వాళ్లది దేవరకొండ తోవలో లోపలికి ఉన్న ఊరు. కురుమవాళ్లు. తండ్రి కొమరయ్యకు గొర్ల మంద ఉంది. ఆ ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాడు బీరయ్య ఒక్కడే. పీయూసీ పాసయ్యాడు. ఈ ఒక్క ఏడాది చూస్తాననీ, సీటు రాకపోతే పెండ్లి చేసుకుని ఊళ్లోనే ఉండాలనీ తండ్రి మాట. పట్నంలో దంత వైద్య కళాశాల వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ప్రవేశానికి మూడు మెట్లు ఉండేవి. మొదట రాతపరీక్ష. తరవాత చేతిపని పరీక్ష. సుద్దముక్క, చిన్న కత్తి ఇచ్చి, చెప్పిన ఆకారం చెక్కమంటారు. మా పనంతా చింతగింజంత జాగాలో జరిగేది కాబట్టి చెయ్యి ఒణకనివాడు కావాలి. చివర ఇంటర్వ్యూ, దాంతో పాటే ఒళ్లు పరీక్ష.

"పుస్తకాలు చదువుకుంట. చెక్కుడు ఎవలు నేర్పుతరు సారు?" అన్నాడు బీరయ్య. మాటలో ప్రశ్న ఉంది, చూపులో లేదు. నేనే నేర్పుతానని వాడు మెట్లెక్కేటప్పుడే తీర్మానించుకున్నట్టున్నాడు. ఆదివారం ఆదివారం రమ్మన్నాను.

మొదటి ఆదివారం కొడుకు వెంట కొమరయ్య కూడా వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. నా కుర్చీ చుట్టూ తిరిగి చూసి, తరవాత నా మొహం దగ్గరికి వచ్చి అంగట్లో గొర్రెను బేరమాడేవాడిలా నా పళ్ల వంక చూశాడు.

"ఏం పెద్దమనిషీ, ఎన్నేండ్లుంటయంటవ్ నాకు?" అన్నాను.

"గొర్రెదైతె చెప్త సారు. పాలపండ్లా, రెండు పండ్లదా, కడపండ్లదా అని నోరు తెరిస్తె సాలు. మా ఊళ్లె మనుషుల నోరు తెరిస్తె అందరు ముసలోళ్లె." అని నవ్వాడు. నవ్వుతూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొడుకూ అంతే. ఆ ఊరివాళ్లు నవ్వే పద్ధతే అది అని తరవాత తెలిసింది.

బీరయ్య చెయ్యి మంచి చెయ్యి. చిన్నప్పటి నుంచి కత్తెరతో గొర్ల బొచ్చు కత్తిరించినవాడు, తోలు తెగకుండా ఎంత లోతుకు పోవాలో వేళ్లకే తెలుసు. ముందు సుద్దముక్కను పలకలుగా చెక్కించాను. తరవాత ఇన్సైజర్, అంటే కొరికే ముందు పన్ను. ఆ తరవాత మోలార్, నమిలే దవడ పన్ను. దాని మీది మిట్టలూ పల్లాలూ చెక్కడానికి నా తోటి విద్యార్థులకే నెలలు పట్టింది. బీరయ్య చెక్కిన పళ్లు నా కిటికీలో వరసగా చేరుతూ వచ్చాయి. రోగులు వాటిని చూసి అవి ఎవరి నోట్లోంచి పీకానో అని భయపడేవాళ్లు.

ఒక్క దురలవాటు మాత్రం నాకు చిరాకు తెప్పించేది. సుద్దముక్కను ఒడిలోనో బల్ల మీదో పెట్టుకునేవాడు కాదు. మోచేతులు పైకెత్తి, చెల్లని రూపాయిని పరీక్షించేవాడిలా కళ్లకు ఎదురుగా పట్టుకుని చెక్కేవాడు. కొన్ని వారాలు ఊరుకున్నాను. ఒక ఆదివారం ఉండబట్టలేక గదిమాను.

"ఒరె, రోగి నోరు లేచి నీ మొకం కాడికి రాదు. నువ్వే వంగాలె."

వంగాడు. నడుము దగ్గర నుంచి వంగాడు, వీపు చెక్కలా ఉంది.

"నడుము కాదురా. మెడ వంచు."

"వంచిన గదా సారు."

"గడ్డం ఎదకు ఆనాలె."

నేను పరాచికమాడుతున్నాననుకున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "గడ్డం ఎదకా? గట్ల మనిషికెవ్వలికి ఆనుతది సారు? కోడికి ఆనుతదేమొ."

నేను నా తల వంచి చూపించాను. నా గడ్డం ఎదను తాకింది. బీరయ్య నవ్వు ఆపాడు. తనూ ప్రయత్నించాడు. నాలుగు వేళ్లు దూరేంత సందు మిగిలింది. బలవంతాన నొక్కుకున్నాడు, సందు తగ్గలేదు. మెట్లు దిగి కిందికి పోయాడు. కాసేపటికి పైకి వచ్చాడు.

"బట్టల సేటుది గూడ ఆనింది సారు" అన్నాడు.

పరీక్షకు తయారవడం కోసం నా దగ్గరికి వచ్చినవాడు నేర్చుకున్న అసలు పాఠం ఇది. ఇంత బడి చదివి, పీయూసీలో మనిషి ఎముకల పటం గీసి, తన మెడ వంగదన్న సంగతి వాడికి తెలియదు. ఎట్లా తెలుస్తుంది? ఊళ్లో ఎవరి మెడా వంగదు. వంగకపోవడమే మెడ స్వభావం అనుకుని ఊరు ఊరంతా బతుకుతోంది.

మరుసటి ఆదివారం వాడు పుస్తకం తెచ్చుకోలేదు. స్టూలు మీద కూర్చుని చెప్పాడు.

"ఇంటింటికి పోయి అడిగిన సారు. గడ్డం ఎదకు ఆనియ్యుండ్రి అని. పిచ్చి లేసిందన్నరు. ఎవ్వలిది ఆనలె. మా అవ్వకైతె అటు వంగదు, ఇటు లేవదు. సుక్కలు చూడక ఎన్నేండ్లయిందే అంటె యాది లేదన్నది. ముసలితనమనుకున్న గని, మా అవ్వ ఈడుది సేటు తల్లి గీ మెట్లెక్కుతది గదా సారు." ఒక్క వేలు ఎత్తాడు. "మా అన్నది ఆనింది."

అన్న పేరు మల్లయ్య. బీరయ్య కన్నా నాలుగేళ్లు పెద్ద. అతని పళ్లు ఎట్లా ఉంటాయని అడిగాను. తెల్లగా ఉంటాయన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మల్లయ్యను తల్లి జోలెలో వేసుకుని మంద వెంట అమ్రాబాద్ అడవి దిక్కు తీసుకుపోయేది. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడే. వాగులో ఇసుక తోడితే ఊరే చెలిమె నీళ్లు తాగి పెరిగాడు. రెండోవాడు పుట్టినప్పుడు కొమరయ్యకు ఒక ఆశ పుట్టింది. వీడినైనా చదివించాలి, గొర్లెంట తిప్పొద్దు అని. తల్లి మంద వెంట పోవడం మానేసింది. బీరయ్య ఊళ్లోనే, ఊరి బావి నీళ్లతోనే పెరిగాడు.

"అంటె సారు, నన్ను సదివియ్యాలనుకున్నందుకు గిట్లయిందా?"

కాదు, నీళ్ల వల్ల అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

"జబ్బేనా?"

"జబ్బే. ఎముకల్ల గూడ చేరుతది."

"మందు?"

"లేదు."

"మరి పరీక్షల ఏమంటరు?"

ఆ ప్రశ్న నన్ను అప్పటికే వారం నుంచి తినేస్తోంది. పళ్ల డాక్టరు పనంతా మెడ మీదే నడుస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల వంచుకునే ఉంటాం. నిండా ఆరోగ్యం ఉన్న నాకే రాత్రికి మెడ పట్టేసేది. ఉన్న సంగతి చెప్పి ఆపేయమనాలా? లేక రాతలోనూ చేతిపనిలోనూ అందరికన్నా పైన నిలబడితే మెడ సంగతి చూసీచూడనట్టు వదిలేస్తారేమోనని ఆశ పెట్టాలా? "ముందు చెక్కు" అన్నాను. వాడు కత్తి అందుకున్నాడు.

ఆ తరవాత మేము చేసినవన్నీ చేసేటప్పుడే పనికిరావని నాకు తెలుసు. ఆముదం మర్దన, ఇసుక కాపడం, రోజూ గోడకు ఆనుకుని మెడ వంచే కసరత్తు. పరీక్ష దాకా నల్లగొండలోనే దూరపు చుట్టం ఇంట్లో ఉండి ఆ ఇంటి నీళ్లే తాగాడు. ప్రతి ఆదివారం రాగానే గడ్డం కింద వేళ్లు పెట్టి చూపించేవాడు. "జర తగ్గినట్టున్నది సారు." సందు ఎంత ఉందో అంతే ఉండేది. ఔను, తగ్గినట్టే ఉందనేవాణ్ణి.

పట్నం పోయి వచ్చినవాడు నేరుగా నా గదికే వచ్చాడు. కుర్చీలో ఒక రోగి ఉంటే, ఆమె పని అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చున్నాడు. మెట్ల మీద కూర్చున్న తీరు చూసే నాకు అర్థమైంది.

"రాసుడు మంచిగ రాసిన సారు. అన్ని వచ్చినయే ఇచ్చిన్రు. చెక్కుడుల కోరపండు చెక్కుమన్నరు. చెక్కిన. పెద్ద డాక్టరు దాన్ని చేతిల పట్టుకోని అందరికి చూపిచ్చిండు."

"తర్వాత?"

"తర్వాత లోపటికి పిలిచి అంగీ ఇప్పుమన్నరు. బరువు చూసిన్రు, కండ్లు చూసిన్రు. తల వంచుమన్నరు. వంగిన. దండం వెడుతున్ననుకున్నరు. 'దండాలు సాలు బాబూ, తల వంచు' అన్నరు. మల్ల వంగిన. నవ్విన్రు. వాళ్లు నవ్వుతున్నరు గదా అని నేను గూడ నవ్విన సారు. చేతులు రెండు కిందికే పెట్టుమన్నరు గదా, అడ్డం పెట్టుకోలేదు. పండ్లన్ని కనవడ్డయి."

తువ్వాల తీసి మళ్లీ భుజాన సర్దుకున్నాడు.

"గప్పుడు ఆళ్లు నవ్వాపిన్రు. పెద్ద డాక్టరు లేచొచ్చి నా మెడ ఎనక చెయ్యి పెట్టి మెల్లగ నొక్కి చూసిండు. ఏ ఊరు బాబూ అన్నడు. చెప్పిన. ఊళ్లె అందరు గిట్లనేనా అన్నడు. ఔనన్న. నీ చెయ్యి బంగారమసొంటిది, గని పదేండ్లకు నువ్వు రోగి మీదికి వంగలేవు, నిన్ను తీసుకుంటె ఇంకొకని జాగా పోతది అన్నడు. అంగీ ఆయనే తొడిగిండు సారు. మంచోడు."

ఆ మనిషిని తిట్టడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. దొరికితే ఎంత బాగుండేది! లంచం తిన్నాడనో, గొర్ల కాపరి కొడుకని చిన్నచూపు చూశాడనో కడుపు నిండా తిట్టి ఇద్దరం ఒక పూట బతికేవాళ్లం. ఆ కుర్చీలో నేనున్నా అదే నిర్ణయం రాసేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని బీరయ్యకూ తెలుసు. కిటికీలో సుద్దముక్కల పళ్లన్నీ మా వైపు చూస్తున్నాయి. వాడు వాటి వంక చూడకుండా లేచాడు.

"పోతున్న సారు."

ఏదైనా అనాలి కాబట్టి, "ఇంక ఏదన్నా చదువు" అన్నాను. ఆ మాట ఎంత చప్పగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

చదవలేదు. తండ్రి మాట ప్రకారం పెండ్లి చేసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే వాళ్ల ఊరి బడిలోనే పంతులుగా కుదిరాడు. పంటి నొప్పి ఉన్న పిల్లల్ని వెంటేసుకుని అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చేవాడు. నీళ్ల కోసం పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ తిరిగాడు. తిరగగా తిరగగా పాత బావి కన్నా లోతుగా కొత్త బావి తవ్వించారు. ఊరు సంబరపడింది. ఆ రాతి నేలలో లోతుకు పోయినకొద్దీ ఈ ఖనిజం ఎక్కువయ్యే నీళ్లే తగలవచ్చు. కొత్త బావి పాతదాని కన్నా అధ్వాన్నంగా తేలింది. ఆ మాట చెప్పేటప్పుడు బీరయ్య గొంతులో కోపం కూడా లేదు. పాలపళ్లు ఊడి పిల్లలకు కొత్త పళ్లు వచ్చే వయసులో, పలక పట్టుకుని ఎదురుగా కూర్చున్న ఒక్కొక్క నోరూ రంగు తిరగడం అతను రోజూ చూస్తూ పాఠం చెప్పేవాడు. ఒకసారి వచ్చినప్పుడు పక్క నుంచి ఎవరో పిలిస్తే మొత్తం ఒళ్లు తిప్పి చూశాడు. ఆ తరవాత తను రావడం తగ్గిపోయింది.

1969లో ఒక మధ్యాహ్నం బీరయ్య అన్న మల్లయ్య వచ్చాడు. అప్పటి దాకా నేనతన్ని చూడలేదు. వెంట ఎనిమిదేళ్ల కొడుకు ఉన్నాడు. అడవిలో రాతిగుండు మీది నుంచి జారిపడి ముందు పన్ను మూల విరిగింది. పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను.

తెరిచాడు. నేను అద్దం పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ దిక్కు ఊళ్లవాళ్ల నోళ్లు అన్నేళ్లు చూశాను, అలాంటి వరస చూడలేదు. పాలమీగడ రంగు, ఒక్క గీత లేదు, ఒక్క గుంట లేదు.

"గడ్డం ఎదకు ఆనియ్యి బిడ్డా" అన్నాను.

ఎందుకో అడగలేదు. టక్కున తల వంచాడు. ఆ చిన్న గడ్డం ఎద మీద వాలింది.

విరిగిన మూలను అరగదీసి నున్నగా చేస్తూ, పిల్లవాడి భయం పోగొట్టడానికి మాటల్లో పెట్టాను. "ఎన్నో తరగతి?"

పిల్లవాడు తండ్రి వంక చూశాడు. మల్లయ్య చెప్పాడు, "బడికి పోడు సారు. పుట్టినప్పటి సంది మాతోనె అడివిల. ఈనికి ఐదేండ్లప్పుడు తోలుకొచ్చి బడిల ఏద్దామనుకున్న. మా తమ్ముడు గడప తొక్కనియ్యలె. ఊరంత కూడింది. పంతులువు నువ్వే గిట్లంటె ఎట్లరా అన్నరు. ఊళ్లె పిల్లలందరిని ఇండ్లల్లకెల్లి గుంజుకపోయి బడిల కూసవెడ్తడు సారు, ఈన్ని మాత్రం కట్టె వట్టి తరిమిండు. గొర్లెంట తోలుకపో అన్నా, గీ నీళ్లు తాగనియ్యకు అని ఒకటే ఏడుసుడు."

"బడికొస్తె చిన్నబాపు కొడ్తడు" అన్నాడు పిల్లవాడు, చిన్నాన్న చేత దెబ్బ తినడం ఒక గొప్పలా.

గోడకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. పెద్ద అక్షరాలతో నెల పేరు ఉంది. అందులో మొదటి అక్షరం చూపించి ఇదేమిటిరా అని అడిగాను. అసలు అడగకుండా ఉండాల్సింది.

ముప్పై ఏళ్లు ఈ పని చేశాక కుర్రడాక్టర్లు నన్ను అడుగుతుంటారు, రోగిని మొదట ఏమడగాలి సార్ అని. ఏ బావి నీళ్లు తాగుతావో అడగమంటాను. ఆ మాట నాకు బీరయ్య నేర్పాడు. కానీ జవాబు విన్నాక ఏం చేయాలో నాకు వాడూ నేర్పలేదు, ఇంకెవరూ నేర్పలేదు. ఆ జిల్లాలో ఒక పిల్లవాడు పన్నో పలకో ఏదో ఒకటే కోరుకోవాలి అని ఒక పంతులు లెక్క తేల్చుకుంటే, అది తప్పని చెప్పే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు.

పిల్లవాడు ఆ అక్షరం వంక కళ్లు చికిలించి చూశాడు. తండ్రి వంక చూశాడు. "తెల్వది" అన్నాడు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.